కిటికీ మీది మసి

మంగళవారం, నవంబరు 18. హిందూపురం.

దోసెలకు రుబ్బాను, రెండు దుప్పట్లు ఉతికాను, అత్తమ్మకు మందులు తెచ్చాను, ఆమె గది కిటికీ తుడిచాను.

కారు నిలిపేది ఆ కిటికీ కిందే. ఇంజనులోకి నేరుగా పెట్రోలు చిమ్మే రకం కాబట్టి పొగలో సన్నటి మసి వస్తుందని, దాన్ని పట్టడానికే సైలెన్సర్ గొట్టంలో ఫిల్టర్ ఉందని షోరూములో చెప్పారు. బండి బాగా లాగుతుందని మా ఆయన నెల క్రితం ధర్మవరంలో ఒక మెకానిక్ చేత ఆ ఫిల్టర్‌ను తీయించేశారు. అప్పటినుంచి రోజూ కిటికీని తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ మీద తేదీ రాసి దాస్తున్నాను. ఈరోజుది అన్నిటికన్నా నల్లగా ఉంది. అత్తమ్మ దగ్గు కూడా ఈ నెలలోదే.

మధ్యాహ్నం పెనుకొండలో పొల్యూషన్ పరీక్ష చేయించాం. అక్కడైనా పట్టుకుంటారనుకున్నాను. కారు పాసయింది.

"మసి చూడలేదు కదప్పా?" అని అడిగాను.

"పెట్రోలు బండికి మసి చూసేది లేదమ్మా. అది డీజిల్‌కే," అన్నాడు పరీక్ష చేసినాయన.

మా ఆయన పగలబడి నవ్వారు. "గవర్మెంటోళ్లకే లేని బాధ నీకేంటికే? పో, నీ గుడ్డలన్నీ తెచ్చి చూపిచ్చు!"

దారిలో పట్టుబట్టి ఆ మెకానిక్‌కు ఫోను చేయించాను. ఫిల్టర్ మళ్లీ బిగించమన్నాను.

"అదింకా యాడుండాదక్కా? పాతసామాన్లోనికి అమ్మేస్తి. మీరియ్యాల్సిన దుడ్లు దాంట్లోనే పట్టుకుంటి."

అత్తమ్మ ఇంకా దగ్గుతూనే ఉంది. పొద్దున ఆరింటికి ఆ కిటికీ కింద బండి మళ్లీ స్టార్టవుతుంది.

ఫిల్టర్ తీసినందుకు ధర్మవరం మెకానిక్‌కు ఇవ్వాల్సిన ఎనిమిది వందలు చెల్లు.