మనోజ్ఞ లాప్‌టాప్‌లో నా మాట

సెప్టెంబర్ 3
ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మెస్‌లో సాంబార్ బేకా అని కన్నడలో అడిగితే తలూపాను. అది లెక్కలోకి రాదు.

బళ్ళారి కాలేజీకి వచ్చి రెండు నెలలు. మా ఊరు చోరనూరులో మా అవ్వ జయశీల వీధి చివరి నుంచే అరిచేది, తింటివా కెరోలిన్ అని. ఇక్కడ రూమ్‌మేట్ మనోజ్ఞ ఉంది. మంచిదే. తన లాప్‌టాప్ ఇద్దరం వాడతాం. కానీ రూమ్‌కి వచ్చేది నిద్రకే.

సెప్టెంబర్ 5
ఆ లాప్‌టాప్‌లోనే ఏఐ చాట్‌లో అసైన్‌మెంట్ గురించి మొదలుపెట్టి నా గోలంతా టైప్ చేశాను. వందమంది ఉన్న హాస్టల్లో తిన్నావా అని అడిగే ఒక్క గొంతు లేదు అని. అది ఎంతో ఓపికగా జవాబిచ్చింది. ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది. డిలీట్ చెయ్యలేదు. ఆ కాస్త తోడూ పోతుందేమో అనిపించింది.

సెప్టెంబర్ 12
సోషియాలజీ ఫీల్డ్ వర్క్. నాకూ మనోజ్ఞకూ కలిపి ఒకే టాపిక్: ఊరు వదిలి జీన్స్ వాషింగ్ యూనిట్లకు పనికి వచ్చిన ఆడవాళ్ళు. ఏఐ వాడొచ్చు, ఎక్కడ ఎందుకు వాడామో చివర్లో నిజంగా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలన్నారు రుద్రేశ్ సార్. ఇంటర్వ్యూలు తను చేస్తానంది మనోజ్ఞ. మిగతాది నాది. ఇద్దరం కలిసి చేసే మొదటి పని!

సెప్టెంబర్ 19, మధ్యాహ్నం
మనోజ్ఞ ఇచ్చిన ఇంటర్వ్యూలు చదువుతున్నాను. వాటిలో ఒకామె చెప్పిందట, వందమంది ఉన్న యూనిట్‌లో తిన్నావా అని అడిగే ఒక్క గొంతు లేదు అని.

అది నా మాట.

సాయంత్రం
అడిగేశాను. ఎవర్నీ కలవలేదట. పాత చాట్ ఏదో తెరిచి ఉంటే, కూలికి వచ్చిన ఆడవాళ్ళు మాట్లాడినట్టు రాయమని దాంట్లోనే అడిగిందట. పైన ఏముందో చూడలేదట. గ్రామర్ కోసమే ఏఐ వాడామని రాసి తన సంతకం అప్పుడే పెట్టేసింది. అందరూ ఇట్లనే చేస్తాండారు, సుమ్నే, ఊరికే సైన్ చెయ్యి, నీకేం పోతాది అంది.

ఏం పోతుందా? నాకున్న ఒక్క ఫ్రెండ్ పోతుంది! కానీ మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడితే తనకు జరిగిందే చెప్పాలి. ఒకసారి టైటస్ మామ ఎక్కడో చదివిన అద్భుతాన్ని తనకే జరిగినట్టు చెబుతుంటే అవ్వ మధ్యలో లేచి, నీకు జరిగింది చెప్పప్పా, లేదంటే కూచో అంది. ఆ అవ్వ మనవరాలిని నేను. లేని మనిషి నోట్లో నా ఏడుపు పెట్టి, నిజమని ఎలా సంతకం పెట్టేది?

పెట్టలేదు.

సెప్టెంబర్ 20
మనోజ్ఞ పక్క రూమ్‌లో పడుకుంది.

సెప్టెంబర్ 21
ఇంటర్వ్యూలు జరగలేదని, చెయ్యడానికి టైమ్ కావాలని సార్‌తో చెప్పాను. తిట్టారు. ఇచ్చారు.

బట్టలు తీసుకోవడానికి వచ్చిన మనోజ్ఞ, చాట్ పైకి జరిపి అంతా చదివినానంది. ఇంత బాధ పెట్టుకోని నాకెందుకు చెప్పలేదు, మెషిన్‌తో చెప్పుకుంటావా అని కోప్పడింది. నువ్వెప్పుడూ అడగలేదు అన్నాను. బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 24
ఒక్కదాన్నే వెళ్ళాను. వాషింగ్ యూనిట్ పక్క గదిలో, అక్కడే పనిచేసే అక్కమ్మ. మోచేతుల దాకా జీన్స్ నీలం. ఆమె సరేనన్నాకే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను.

అందులో మొదటి ప్రశ్న నాది కాదు. ఆమె అడిగింది, తింటివా పాపా అని.

తర్వాత చాలాసేపు మిషన్ల చప్పుడే ఉంది. రిపోర్ట్‌లో అది కూడా రాశాను.