చిరిగిన వల

డిసెంబరు 11, 1999. విశాఖ, లాడ్జిలో.

పిల్లలు పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు.

మధ్యాహ్నం మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో పైకప్పు నుంచి పెద్ద చేపల వల వేలాడదీసి ఉంది. మధ్యలో మనిషి దూరేంత చిరుగు. నేను పిల్లల్ని లెక్కపెట్టుకుని తిరిగి చూసేసరికి మా ఏడో తరగతి నూకరత్నం తెగిన కొసలు లాగి ముడులు వేస్తోంది. అప్పటికే సగం పూడ్చేసింది.

గార్డు పరుగెత్తుకొచ్చాడు. "ఆ చిరుగే బొమ్మండీ మాస్టారూ! చేసినాయన కావాలనే కోసి పెట్టేరు. ఇంకాసేపట్లో వస్తారు. నా ఉద్యోగం పోద్ది."

"చేపలు పోతాయి కదండీ," అంది ఆ పిల్ల. మిగతావాళ్లు నవ్వారు.

నేను విప్పబోయాను. ఒక్క ముడీ రాలేదు. "నువ్వే విప్పెయ్యమ్మా," అన్నాను.

"ఆయ్," అని తల వంచుకుని విప్పింది. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా గార్డూ నేనూ గుమ్మంవైపు చూశాం. ఎవరూ రాలేదు.

రాత్రి ఆ పిల్ల అన్నం ముట్టలేదు. గార్డు అరుపులకు భయపడిందనుకుని, "మీ ఇంట్లో చెప్పనులే," అన్నాను.

"ముడులేసేనని చెప్పినా పర్లేదండీ. చిరిగిన వల అలా వదిలేసొచ్చేనని మాత్రం మా అమ్మకి చెప్పకండేం."

రేపు ఓడలరేవులో బస్సు దిగేసరికి వాళ్లమ్మ ఎదురుగా ఉంటుంది. విప్పమన్నది నేనేనని ఆవిడతో ఎలా చెప్పాలో...