పలకకీ పిట్టకీ మధ్య పన్నెండడుగులు

తేదీ: నవంబరు 27, గురువారం
మధ్యాహ్నం రెండున్నర, కౌంటర్ వెనక

గౌరవనీయులైన పెద్ద కోడలు గారికి,

చిన్న కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. మీరూ కులాసాగానే ఉన్నారని వేరే అడగక్కర్లేదు, తల ఎత్తితే కనపడుతూనే ఉన్నారు. నీలం స్వెట్టరు వేసుకున్నారు, ఇందాకే టిఫిన్ డబ్బా కడుక్కొచ్చారు, ఇప్పుడు డిస్‌ప్లే అద్దం తుడుస్తున్నారు. పైన ఎడమవైపు మూల ఇంకా మరక ఉంది, తుడవండి.

సరే, ఈ ‘మీరు’ నా వల్ల కాదు అక్కా. ఏడు నెలలుగా మనకి మాటల్లేవు కదా, కాస్త బిగుసుకుని రాద్దామని కూర్చున్నాను. నాలుగు ముక్కలకే విసుగొచ్చింది. ‘నువ్వు’ అనే రాస్తాను. కోపం మాత్రం అలాగే ఉంది, అది మర్చిపోకు.

పన్నెండడుగుల దూరానికి ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ముందు ఎవరు నోరు తెరుస్తారో చూద్దామని ఇద్దరం పంతం పట్టాం కదా. ఉత్తరం రాస్తే నోరు తెరిచినట్టు కాదు. బాగా ఆలోచించే రాస్తున్నాను.

ఇంతకీ నీ మీద నాకెందుకు కోపమో ఒకసారి కాగితం మీద పెడతాను, ఎందుకంటే ఈ మధ్య నాకే అది జారిపోతోంది. పదకొండేళ్ళు మనిద్దరం ఈ మాల్లో ఒకే కౌంటర్లో ఇయర్‌ఫోన్లూ ఛార్జర్లూ ఫోన్ కవర్లూ అమ్ముకున్నాం. ఏప్రిల్లో నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వచ్చేసరికి మన కౌంటర్ నిండా చేతిలో పట్టుకుని ఆడుకునే ఆ కొత్త గేమింగ్ మిషన్ల పెట్టెలు. నాతో ఒక్క మాటైనా అనకుండా ఆ కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టేశావు. కౌంటర్లో ఒక్క మనిషే ఉండాలట, వాళ్ళ ఒప్పందం అలా ఉందట, నన్నేం చెయ్యమంటావే అన్నావు. నా ఒళ్ళు మండిపోయింది. నెల తిరక్కుండా వాళ్ళ పోటీ కంపెనీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మిషను పట్టుకొచ్చి, సరిగ్గా నీకెదురుగానే కూర్చున్నాను. అప్పట్నుంచీ వెడల్పుగా ఉందని నీదాన్ని జనం పలక అంటున్నారు, గుప్పెట్లో ఇమిడిపోతుందని నాదాన్ని పిట్ట అంటున్నారు. పేర్లు పెట్టింది అత్తయ్యే అని నీకు తెలుసో తెలీదో. కింద తన కుట్టుపని దుకాణంలో ప్యాంట్ల కాళ్ళు కత్తిరిస్తూ, పైన నా కోడళ్ళు ఒకర్తె పలకలూ ఒకర్తె పిట్టలూ అమ్ముకుంటున్నారని వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది.

ఈ నెల ఒకటో తారీకున ఫ్లోర్ మేనేజర్ మనిద్దర్నీ నిలబెట్టి ఏమన్నాడో నీకూ గుర్తే. ఒక అంతస్తులో రెండు గేమింగ్ కౌంటర్లు దండగ, వచ్చే నెల నుంచి ఒక్కటే ఉంటుంది, నెలాఖరుకి ఎవరి బిల్లులు ఎక్కువుంటే వాళ్ళు ఉంటారు, రెండోది వాచీలవాళ్ళకి ఇచ్చేస్తాం అన్నాడు. లిఫ్టు పక్కన బోర్డు పెట్టి, రోజూ సాయంత్రం ఎవరెన్ని అమ్మారో రాయడం మొదలుపెట్టాడు. ఆ బోర్డు వైపు చూడకుండా లిఫ్టెక్కడం ఎంత కష్టమో! నువ్వూ మెట్ల మీదుగా వెళుతున్నావని గమనించానులే.

ఈ కౌంటర్ పోతే నా గతేమిటో నీకంటే ఎవరికి తెలుసు? పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు ఇంట్లో కూర్చుని గోడ మీది పగుళ్ళు లెక్కపెట్టాను. ఏడుపు కూడా వచ్చేది కాదు. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, ఇయర్‌ఫోన్ల ముందు కూర్చోబెట్టింది నువ్వే. మళ్ళీ ఆ ఇంట్లో ఆ గోడ ముందు కూర్చోవాలంటే నాకు భయం అక్కా. నిజంగా భయం. ఇది పోతే నీకూ అంతేనని నాకు తెలుసు. అదే కదా వచ్చిన చిక్కు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి రెండు వారాలూ బోర్డు మీద నీవి ముప్ఫై ఒకటి, నావి తొమ్మిది. పెద్ద తెర, రంగులు, వేడెక్కకుండా లోపల ఫ్యాను, ఇన్ని ఉన్న నీ పలక ముందు నా పిట్ట వెలవెలబోయింది. వచ్చినవాళ్ళు నాదాన్ని ఒకసారి తిప్పి చూసి, ఇంతేనా అని పెట్టేసి నీవైపు వెళ్ళేవారు. పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

మూడో వారం ఏదో మారింది. సోమవారం పొద్దున్నే ఒక నర్సు గబగబా వచ్చి, పిట్ట ఒకటి ఇవ్వండి అంది. చూడలేదు, పట్టుకోలేదు, ఛార్జింగ్ ఎంతసేపుంటుందని అడగలేదు, తగ్గించమనైనా అడగలేదు! పదకొండేళ్ళలో ఏమీ అడగకుండా కొన్న మనిషిని నేను చూడలేదు. మర్నాడు ఇద్దరు. ఆ మర్నాడు ముగ్గురు. అందరూ అదే తీరు, తిన్నగా వచ్చి పిట్ట కావాలంటారు, డబ్బిస్తారు, వెళ్ళిపోతారు. సంతోషించాలి కదా? సంతోషించాను, కాసేపు. ఆ తర్వాత నా బుర్రలో పురుగు తిరగడం మొదలైంది. నాకు ఏదైనా అర్థం కాకపోతే అన్నం సహించదని నీకు తెలుసు. పప్పులో ఉప్పేశానో లేదో తెలీకుండా మూడు రోజులు వండాను, పాపం మీ మరిది నోరెత్తకుండా తిన్నాడు.

కంపెనీవాళ్ళు ఎక్కడైనా ప్రకటన వేశారేమోనని ఫోన్ చేశాను. వెయ్యలేదన్నారు, పైగా ఇన్నెలా అమ్ముతున్నారని నన్నే అడిగారు. నీ దగ్గర సరుకు అయిపోయిందేమోనని నీ వెనకున్న పెట్టెలు లెక్కపెట్టాను, మెడ నొప్పి పుట్టేదాకా. బోలెడున్నాయి. నీ మిషన్లలో ఏదో లోపం బయటపడిందేమోనని ఆశ కూడా పడ్డాను, దాచడమెందుకు! అదీ లేదు. చివరికి మీ మరిదిని బావగారి దగ్గరికి పంపాను, కాస్త కూపీ లాగి రమ్మని. అన్నదమ్ములిద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం తెలిసిందంటే, బావగారి బండికి వెనక టైరు మార్చాలట. తల బాదుకున్నాను.

మొన్న మంగళవారం ఒక పెద్దావిడ వచ్చింది. టైపిస్టుగా చేసి రిటైరయిందట, వేళ్ళ కణుపులు వాచిపోయి ఉన్నాయి. డాక్టరు వేళ్ళు కదుపుతూ ఉండమన్నాడట, అందుకే ఈ ఆట కావాలట. ఆవిడ కూడా తిన్నగా పిట్టే అడిగింది. ఇక ఉండబట్టలేక, అమ్మా, మీకు ఎవరు చెప్పారండీ దీని గురించి అని అడిగాను. ఆవిడ కాస్త తటపటాయించి, చెప్పొద్దన్నారమ్మా అంది. నేను వదులుతానా! కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ అడిగాను. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. ఎదుటి కౌంటర్ అమ్మాయి తన చేతులు పట్టుకుని చూసిందట. ఇది మీకు బరువండీ, పది నిమిషాలకే మణికట్టు పట్టేస్తుంది, ఎదురుగా పిట్ట ఉంది, అది తీసుకోండి, నేను చెప్పానని మాత్రం అనకండి అని పంపించిందట.

తర్వాత ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పనా? కడుపు మండింది. జాలి పడి ముష్టి వేస్తోందా నాకు అనుకున్నాను. నీ దగ్గరికొచ్చి ఆ మాట అనెయ్యాలని నాలుగడుగులు వేసి, పంతం గుర్తొచ్చి వెనక్కొచ్చాను.

అందుకని నిన్న నీ మీద నిఘా వేశాను. కవర్లమ్మేవాడి కౌంటర్ పక్క స్తంభం వెనక, చేతిలో పేపరు పట్టుకుని నించున్నాను. పేపరు తలకిందులుగా ఉందని వాడే చెప్పాడు. గంటన్నర చూశాను నిన్ను. వచ్చినవాళ్ళకి ముందు మిషను చూపించవు నువ్వు. ఎప్పుడు ఆడతారు, ఎక్కడ కూర్చుని ఆడతారు అని అడుగుతావు. తర్వాత చేతికిచ్చి ఊరుకుంటావు. వాళ్ళు తెర చూస్తుంటే నువ్వు వాళ్ళ మోచేతులు చూస్తుంటావు. ఒక టాక్సీ డ్రైవరు పలక పట్టుకుని మురిసిపోతున్నాడు, కొనేవాడే. సవారీ రాగానే దీన్ని ఎక్కడ పెడతావు బాబూ అని అడిగావు. వాడు చొక్కా జేబు తడుముకున్నాడు. నువ్వు చిటికెనవేలు ఇంతే కదిపి నా కౌంటర్ చూపించావు. ఆ తర్వాత వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురినీ నీ దగ్గరే ఉంచుకున్నావు, వాళ్ళకి పలకే సరి. అక్కడ జాలీ లేదు, ముష్టీ లేదు. నన్ను నువ్వు తలుచుకోను కూడా లేదనిపించింది, దాంతో ఇంకాస్త కోపమొచ్చింది.

కానీ సిగ్గు కూడా వేసింది. ఎందుకో విను. సవాలక్ష ప్రశ్నలడిగి చివరికి ఏమీ కొననివాళ్ళు ఉంటారు చూడు, వాళ్ళందర్నీ మొదటి రెండు వారాలూ నీ మీదికి తోలింది నేనే. ఎదుటి కౌంటర్లో ఎంతసేపు ఆడుకున్నా ఏమీ అనరండీ అని చెప్పి మరీ పంపాను. ఆ బట్టతల లెక్చరరు నీ దగ్గర రెండు గంటలు కూర్చున్న రోజు నేను ఎంత నవ్వుకున్నానో! తీరా ఆయన నీ దగ్గర రెండు పలకలు కొన్నాడు. నా పాపం నీకు పుణ్యమై కూర్చుంది. నువ్వు నీ మంచి బేరాల్ని నాకు పంపుతుంటే, నేను నా చెత్త బేరాల్ని నీకు పంపాను.

నిన్న సాయంత్రం బోర్డు చూశావా? నీవి నలభై ఆరు, నావి నలభై ఆరు. ఈ నెల పద్దు నిన్నటితోనే మూసేశారు, ఇక కొత్త బిల్లులు లెక్కలోకి రావట. సమానమైతే ఎలాగని అడిగితే, రేపు పదకొండు గంటలకి ఇద్దర్నీ పిలిచి తనే తేల్చేస్తానన్నాడు మేనేజరు. ఆయన ముందు నీ పక్కన నిలబడేలోపు నాకు ఒక్కటే తెలియాలి. చేతికొచ్చిన బేరం వదిలేస్తే నీ కౌంటరే పోతుందని తెలుసు కదా. తెలిసి తెలిసి ఎందుకు పంపావక్కా వాళ్ళని? పొగరా? నా మీద ఇంకా ఏమైనా ఉందా? ఒక్క ముక్క రాసి అత్తయ్య చేతికియ్యి. నోరు తెరవక్కర్లేదు.

బావగారికి నమస్కారాలు. టైరు వెంటనే మార్పించమను.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా పోని,
చిన్నది

తా.క. సాయంత్రం నాలుగున్నర. ఉత్తరం అత్తయ్య చేతికిద్దామని కిందికొచ్చాను. ఆవిడ కుట్టుమిషను పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను. పైన రాసినదాంట్లో ఒక అబద్ధం ఉందక్కా. నావి నలభై ఆరు కావు, నలభై ఐదే. ఆదివారం భయంతో నిద్రపట్టక, సోమవారం నా డబ్బుతో నేనే ఒక పిట్ట కొని అత్తయ్య పేరు మీద బిల్లు రాశాను. ఆవిడ మారుమాట్లాడకుండా సంతకం పెట్టింది. నిన్న నిన్ను చూశాక ఆ బిల్లు నన్ను కూర్చోనివ్వలేదు. రద్దు చేయించి కొట్టించేద్దామా అని ఇందాక ఆవిణ్ణి అడిగాను. అత్తయ్య సూది పక్కన పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బల్ల కింద నుంచి ఒక పెట్టె లాగింది. పలక. బిల్లు అత్తయ్య పేరు మీదే, నా బిల్లుకి రెండ్రోజుల ముందుది, రాత నీది. కోడళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నట్టు వచ్చారే, ముందు ఏది ఆడటం నేర్చుకోమంటారు అంది. ఎదురుగా మనిషి ఉంటే వాడికి సరిపడని వస్తువు అంటగట్టడం పెద్దదానివల్ల కాదు, మొదటి రెండు వారాలూ ఎలాగో అమ్మింది, ఆపైన ఓర్చుకోలేక వారం రోజులు పంపించి పంపించి, శనివారం భయపడి ఇక్కడికొచ్చి ఏడ్చింది అని కూడా చెప్పింది. నేను అడిగినదానికి జవాబు దొరికింది, నువ్వు రాయక్కర్లేదు.

నా బిల్లు ఇప్పుడే మేనేజర్‌కిచ్చి కొట్టించి వచ్చాను. బోర్డు మీద ఇక నీవి నలభై ఆరు, నావి నలభై ఐదు. నీ బిల్లు సంగతి నేనెవరికీ చెప్పను, అత్తయ్యా చెప్పదు. కొట్టించుకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం. ఉంచుకున్నా నేనేం బాధపడను అని రాయబోయాను. చాలా బాధపడతానక్కా. అయినా చెప్పను.