దులుపుడు నేర్చిన చెయ్యి

అమ్మకి, నేను కులాసా. మా ల్యాబులో ఆ రోబో చెయ్యి నన్నెక్కడ కొడుతుందోనని బెంగపెట్టుకోకు, దానికి నేనే గురువుని.

వీఆర్ కళ్లద్దాలు, చేతులకి తొడుగులు వేసుకుని నేను తువ్వాలు మడతపెడతాను. నా చేతులు చూసి అది నేర్చుకుంటుంది. నిన్న మా సార్‌కి చూపించాం. మడతపెట్టే ముందు తువ్వాలుని ఫట్‌ఫట్‌మని రెండుసార్లు దులిపింది! "ఇదేం జబ్బు? తీసెయ్యి," అన్నారు సార్. మోటారు చెడిందేమోనని విప్పి చూస్తే బాగానే ఉంది. చివరికి నా వీడియోలు వేసి చూశాం. ప్రతిసారీ దులుపుతున్నది నేనే, అచ్చం నీలాగే! తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? అందరూ పడీపడీ నవ్వారు.

తీరా ఆ దులుపుడు తీసేస్తే, ముడతల్లో కొసలు కనపడక తువ్వాలుని ఉండచుట్టి పడేసింది. "మీ అమ్మగారి దులుపుడు అలాగే ఉంచమ్మా," అన్నారు సార్.

ఇంతకీ అంచులకి ఎలాస్టిక్ ఉన్న దుప్పటి నువ్వెలా మడతపెడతావు? ఇక్కడ డాక్టరేటు చేసినవాళ్లు ఇంతమంది ఉన్నా ఎవరికీ చేతకావట్లేదు. నాన్న చేత బొమ్మ గీయించి వెంటనే కార్డు రాయి. చెల్లి ఇంకా బట్టలు కుర్చీ మీదే కుప్పపోస్తోందా? మర కూడా నేర్చుకుందని చెప్పు. నీ మోకాలు నొప్పి తగ్గిందా? నాన్నకి నమస్కారాలు.

పొద్దున్నే ల్యాబు తలుపు తియ్యగానే ఫట్‌ఫట్‌మని వినపడితే, నువ్వు పక్కగదిలోనే ఉన్నట్టుందే అమ్మా.

ఇట్లు,
నీ దూడ, దాని దూడ