కిటికీకి ఎర్ర దుప్పటి

చెల్లీ నీల్దా,

మీ ఆయన ఎందుకు దిగలేదని పడవవాడితో అడిగించావు. చెబుతాను విను.

మంచు ఖండం చూసొచ్చిన మా ఓడలో సగం మందికి వాంతులు, విరేచనాలు. ఓడ డాక్టరుగా గొంతు చించుకున్నాను, మాతే ఆకుల టీ పీల్చే గొట్టం ఎవరిది వాళ్లదే, ఒకరి ఎంగిలి ఒకరు తాగొద్దని. ప్రయాణికులు విన్నారు. మనవాళ్లు వింటారా?

ఓడను ఉషువాయా రేవులోకి తేవడానికి పైలట్‌గా మీ ఎవరిస్తో ఎక్కాడు. ఎక్కగానే కెప్టెన్ తను తాగే మాతే అతని చేతిలో పెట్టాడు. "వద్దు మరిదీ!" అని అరిచాను. "కాదంటే పెద్దాయన ఏమనుకుంటాడు వదినా?" అంటూ అడుగంటా పీల్చేశాడు. తెల్లారేసరికి ఇద్దరూ బకెట్లు కౌగిలించుకున్నారు. దాంతో రేవువాళ్లు, ఓడలోంచి ఎవరూ దిగొద్దని, మీ ఇంటి ఎదురుగానే లంగరు వేయించారు.

ఓడలో ఉన్న ఒక్క ఫోనూ ప్రయాణికుల చేతుల్లోంచి ఊడిరాదు. అందుకే నీకు పురిటి నొప్పులొస్తే పక్కింటివాళ్లకు చెప్పి, మాకు తెలిసేలా కిటికీకి ఎర్ర దుప్పటి కట్టమన్నాం. నువ్వేమో ఈ పొద్దున అదే దుప్పటి ఉతికి ఆ కిటికీకే ఆరేశావు! నీ మొగుడు బకెట్ వదిలి సముద్రంలోకి దూకబోతే కాళ్లు పట్టుకుని లాగాను. నాన్ననవుతున్నానని ఓడంతా చాటాడు. కెప్టెన్ సంబరంగా మళ్లీ మాతే కలిపాడు. పది మందికీ అదే గొట్టం. "పెద్దమ్మవి, నువ్వు తాగకపోతే ఎలా?" అని నా చేతిలోనూ పెట్టారు.

పురుడు నేనే పోస్తానన్నాను కదా, ఇక నాకోసం చూడకు. ఊళ్లో మంత్రసానికి ఇప్పుడే కబురు పెట్టు.

బకెట్ పక్కన కూర్చుని,
మీ అక్క