పులిగారి కిమ్చి

జొన్‌జు

చైనాలో, యాన్‌జీలో ఉన్న చెల్లెలు పునొక్‌కి అక్క జొమ్‌సున్ దీవించి రాయునది. ఇక్కడ మేం క్షేమం, పచ్చళ్ల కొట్టు ఒక్కటే క్షేమం కాదు.

ఫోన్‌లో రాస్తే ఎవరో ఒకరు ఫోటో తీసి లోకానికి పంచుతున్నారు, అందుకే ఈ ఉత్తరం. నువ్వు మన క్యాబేజీ పచ్చడి, కిమ్చి కలిపే వీడియోకి ఎవడో చైనా జెండా తగిలించి తిప్పుతున్నాడు. "కిమ్చి కూడా మీదేనా?" అని ఇక్కడ కొరియా అంతా భగ్గుమంటోంది. వీడియోలో చేతులే కనిపిస్తున్నాయి కాబట్టి సరిపోయింది. అవి నీవని ఇంట్లో కూడా చెప్పలేదు.

ఏ సరుకు ఎక్కడిదో కొట్టు గోడ మీద రాయడం చట్టం కదా! "క్యాబేజీ కొరియా, కారం చైనా" అని చదివి జనం గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు. ఈ ఏడు నీ కారం పంపకు.

నీ అక్క

తా.క. రిటైరయ్యాక మీ బావగారు ఫోన్ వదలడం లేదు. పిలిస్తే ఉలిక్కిపడుతున్నారు.

యాన్‌జీ

అక్కకి నమస్కారాలు.

జెండా తగిలించింది నేను కాదు. కొరియా జాకెట్టు తొడుక్కుని వండానని ఇక్కడివాళ్లు నన్ను దేశద్రోహి అంటున్నారు. మీ తాత అక్కడే ఉండిపోయాడు, ఆయన తమ్ముడైన మా తాత నది దాటి ఇటు చైనాకి వచ్చేశాడు. నేను రెండు ఒడ్లకీ కానిదాన్నయ్యాను. పైగా "జొన్‌జు పులి" అని పేరట, ఎవడో రోజూ నా వీడియో కింద చేరి "కిమ్చి దొంగ ముసలీ" అంటాడు. నువ్వూ వాడి పాటే పాడుతున్నావు. కారం పంపను, సరేనా!

పునొక్

తా.క. ఓడెక్కుతున్న పక్కింటావిడ చేత కిమ్చి జాడీ ముందే పంపేశాను. తినకపోతే పారెయ్యి.

జొన్‌జు

చెల్లికి దీవెనలు, ఈసారి కొంచెం తక్కువగా.

ఇక్కడి కారమే కొని బోర్డు మార్చాను. జనం జెండాలతో వచ్చి ఫోటోలు దిగారు, పచ్చడి కొనలేదు. రోజూ వచ్చేవాళ్లేమో "అమ్మా, చెయ్యి మారిందా?" అంటున్నారు. ఇలాగే ఉంటే చలికాలం లోపే కొట్టు మూసెయ్యాలి. అయినా ఆ పులిని ఏమీ అనకు. మగాడంటే వాడు! మా ఆయనా ఉన్నాడు, వీధిలో కుక్క మొరిగితే లోపలికొచ్చి తలుపేసుకుంటాడు. నీ జాడీ మూత కూడా తియ్యలేదు.

జొమ్‌సున్

తా.క. వాళ్ల జెండా కర్రల మీద "తయారీ చైనా" అని ఉంది. చూసింది నేనూ, కుక్కా.

యాన్‌జీ

పులిగారి భార్యకి చెల్లెలు నమస్కరించి రాయునది.

నిన్న పులి తన భోజనం ఫోటో పెట్టాడు. "ఇదీ అసలు కిమ్చి! మా ఆవిడ చేతిది. ఏడు జన్మలెత్తినా చైనావాళ్లకి ఈ రుచి రాదు" అని కింద రాశాడు. పళ్లెం పక్కన నా జాడీ, సగం ఖాళీగా. మూత తియ్యలేదన్నావు! వెనక గోడకి నీ పెళ్లిఫోటో, అందులో బావగారి బెదురు మొహం.

అక్కా, నవ్వలేక చచ్చాను. నీ మీద కోపం పోయింది, ఆ తిట్లు తలుచుకుంటే మాత్రం ఇంకా మండుతోంది. కొట్టు మూయకు, నా కారం బయల్దేరింది. బోర్డు మీద ఉన్నదున్నట్టు రాసి, పక్కనే పులి ఫోటో, మాటలు అతికించు. ఏ దేశభక్తుడు కాదంటాడో చూద్దాం.

పునొక్

తా.క. మారుపేరుతో "ఇంత మంచి భార్య దొరికింది, మీరు అదృష్టవంతులు" అని ఆయనకి రాశాను. "నిజమే, ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, ఇవాళ చెప్తాను" అన్నారు. చెప్పారా?