బాణం నంబరు

కోరుట్ల విలువిద్య సారుకు,

నమస్కారం. నేను సిరిసిల్ల నుంచి, సుస్మిత తండ్రిని. భుజం ఆపరేషన్ అయ్యాక తను లాగగలిగే తేలిక వెదురు విల్లుకు మెత్తగా వంగే కార్బన్ బాణాలు కొనమన్నారు మీరు. నేను మరమగ్గం మీద పాలిస్టర్ నేసేవాణ్ణి. మా దారంలో నంబరు పెరిగితే మందం పెరుగుతుంది. అందుకని వెయ్యి నంబరు బిరుసనుకుని ఐదువందలది తెచ్చాను. బాణాలకు నంబరు పెరిగితేనే మెత్తదనమని దుకాణంవాళ్ళు నిన్న చెప్పారు.

నేను తెచ్చిన బిరుసు బాణాలన్నీ ఎడమ పక్కకే పోయాయి. తన చెయ్యే పోయిందనుకుని సుస్మిత పదిరోజులుగా విల్లు ముట్టలేదు. ఏడవదు, కసురుకోదు. పెడితే తింటుంది.

వెయ్యి నంబరువి తెచ్చిపెట్టాను. తప్పు చేతిది కాదు, నంబరుదని మీరే ఒక మాట చెప్పండి. నేను చెబితే, "ఊకో నాయినా. నా చెయ్యి నాకెరుక లేదా?" అంది.